క్రోంపేట: ట్యాంకులో ‘అన్ని లోహాల సెన్సర్’ పెడతామంటున్నారు, నమ్మొచ్చా?

క్రోంపేట_శేఖర్
అందరికీ నమస్కారం. మాది చెన్నై క్రోంపేటలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. బోరు నీళ్లు, వేసవిలో లారీ నీళ్లు, రెండూ ఒకే సంప్‌లో కలుస్తాయి. తాగడానికి ఎవరి క్యాన్ వాళ్లు తెప్పించుకుంటారు. వంటకీ, బియ్యం కడగడానికీ, పిల్లలు నోరు పుక్కిలించడానికీ మాత్రం సంప్ నీళ్లే. ఈసారి మొదటి వాన పడ్డాక రెండు రోజులు నీళ్లు పసుపు రంగులో వచ్చాయి. మా సెక్రటరీ గారు టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపేది) ముంచి, 780 ఉంది, 2000 దాకా పర్వాలేదు అని తేల్చేశారు.

పోయిన ఆదివారం ఒక కంపెనీ అతను వచ్చాడు. ట్యాంకులో ఒక ప్రోబ్ వేలాడదీస్తే సీసం, క్రోమియం, ఆర్సెనిక్, పాదరసం అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయట. 38 వేలు. అసోసియేషన్‌లో సగం మంది కొనేద్దామంటున్నారు. పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ ఇంకా తేలలేదు కదా. ఇలాంటివి నిజంగా పనిచేస్తాయా? కాస్త టెన్షన్‌గా ఉంది, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

బోరుబావి
ఆర్వో పెట్టించుకోండి, ప్రశాంతంగా నిద్రపోండి. దీనికి ఇంత చర్చ ఎందుకు?

ఎలక్ట్రోడ్_పిల్ల
శేఖర్ గారూ, నేను ఇలాంటి సెన్సర్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. ముందు మీ సెక్రటరీ గారి పెన్ను సంగతి. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తుంది, అంతే. దాన్ని 0.5కీ 0.7కీ మధ్య ఉన్న ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. ఉప్పా, సున్నమా, క్రోమియమా అన్న తేడా దానికి తెలియదు. పెన్నులో ఒక్క అంకె కదలాలంటే లీటరుకి 1 మిల్లీగ్రాము కావాలి. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500లో మొత్తం క్రోమియం పరిమితి 0.05 మిల్లీగ్రాములు. అంటే ఆ ఒక్క అంకెలో ఇరవయ్యో వంతు. సీసానికి 0.01, పాదరసానికి 0.001. పరిమితికి పదింతలు క్రోమియం ఉన్నా మీ పెన్ను 780 దగ్గరే హాయిగా కూర్చుంటుంది.

ఇంకోలా చెప్తాను. 12,000 లీటర్ల లారీలు నాలుగు ఊహించుకోండి. ఆ నాలుగింటిలో కలిపి ఒకే ఒక్క చుక్క వేస్తే అది సుమారు 1 పీపీబీ, అంటే లీటరుకి ఒక మైక్రోగ్రాము. మేం పట్టుకోవాల్సింది ఆ చుక్కని. పట్టుకోవచ్చు, అబద్ధం కాదు. కాకపోతే ట్యాంకులో వేలాడదీసి మర్చిపోయే వస్తువుతో అన్ని లోహాలూ అంటేనే నాకు అనుమానం.

వాళ్లని అడగండి: ఏ పద్ధతి? ఏ లోహానికి ఎంత తక్కువ దాకా చూస్తుంది? క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన ద్రావణంతో అంకె సరిచూడటం, ఎన్ని రోజులకోసారి? ఆ అంకెలు ఏ నీళ్లలో తీసినవి? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

కోడ్_కూలీ
అన్నా, మాది షోలింగనల్లూరు. లాక్‌డౌన్‌లో పని లేక ఒక ఈఎస్‌పీ32 బోర్డు, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చూసే) ప్రోబ్, టీడీఎస్, టర్బిడిటీ (నీళ్ల మడ్డితనం చూసే) సెన్సర్లు కొని మా ట్యాంకుకి తగిలించా. మొదటి వారం గ్రాఫులు చూసి మురిసిపోయా. మూడో వారానికి పీహెచ్ 0.6 జరిగిపోయింది. నీళ్లు మారలేదు, ప్రోబ్ మారింది. రెండో నెలకి టర్బిడిటీ సెన్సర్ కన్ను మీద పాచి పట్టి, ట్యాంకులో బురద ఉందని రాత్రి రెండింటికి అలారం. ఒకసారి ట్యాంకు ఖాళీ అయి పీహెచ్ గాజు బుడ్డి ఎండిపోయింది, దాని కథ అంతటితో సరి. ఇప్పుడు ఆ బోర్డుని మోటారు ఆన్, ఆఫ్ చేయడానికి వాడుతున్నా. ఆ పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

పీహెచ్ లాంటి ముసలి, గట్టి సెన్సర్ గతే ఇది. క్రోమియం సంగతి మీరే ఆలోచించండి.

తోళ్ల_మాస్టారు
చర్చ క్రోంపేట కాబట్టి నేనూ ఒక మాట. నేను రసాయన శాస్త్రం చదివి తోళ్ల పరిశ్రమలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఆ ఊరికి ఆ పేరు క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే వచ్చింది, ఇప్పటి పిల్లలకి తెలియదు. పక్కన పల్లావరంలో టానరీలు, అంటే తోళ్లు పదును చేసే కర్మాగారాలు. అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థని నడిపిన యలవర్తి నాయుడమ్మ గారు మన తెనాలి పక్క యలవర్రు మనిషి. 1985లో కనిష్క విమానంలో పోయారు. ఆ తరం వాళ్ల దగ్గర పనిచేసినవాళ్లే మాకు పాఠాలు చెప్పారు.

సరే, విషయానికి వస్తాను. క్రోమియం అనగానే భయపడకూడదు, ఏ క్రోమియం అని అడగాలి. తోలు పదును చేయడానికి వాడేది మూడు వేలన్సీ రకం. అది నీళ్లలో అంత తేలిగ్గా తిరగదు, మట్టికి అంటుకుంటుంది, విషగుణం తక్కువ. ఆరు వేలన్సీ రకం అలా కాదు. బాగా కరుగుతుంది, భూగర్భంలో నీటితో పాటే ప్రయాణిస్తుంది, క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో ఉంది. చిక్కేమిటంటే మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్ ఉంటే మూడు కాస్తా ఆరుగా మారగలదు. అందుకే పాత టానరీ నేలల పక్కన బోరు వేసుకున్నవాళ్లు ఒకసారి చూపించుకోవడం మంచిది.

మీ పసుపు రంగు మాత్రం క్రోమియం కాదనుకుంటాను. కంటికి పసుపు కనబడేంత క్రోమేటు, అంటే ఆ ఆరు వేలన్సీ రకం, ఉంటే అది పరిమితిని ఎన్నో రెట్లు దాటినట్టే. మొదటి వానకి రెండు రోజులు వచ్చి పోయిందంటే ఇనుమో, మట్టో.

క్రోంపేట_శేఖర్
మాస్టారూ, సగం భయం పోయింది, సగం పెరిగింది. ఎలక్ట్రోడ్ గారూ, ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. పద్ధతి ఏంటంటే “నానో టెక్నాలజీ సార్” అన్నాడు. ఏ లోహం ఎంత దాకా అంటే “అన్నీ సార్, పీపీబీ లెవెల్”. ఏ నీళ్లలో అంటే అర్థం కాలేదు అతనికి.

నెల్లూరు_రెడ్డి
చెన్నైకి మంచి నీళ్లంటే మా కండలేరు జలాశయం నుంచి కాలవలో పూండి జలాశయానికి వచ్చే మన కృష్ణా నీళ్లే. 1983లో ఒప్పందం, 1996లో నీళ్లు. బోరు మానేసి మెట్రో వాటర్ కనెక్షన్ పెట్టించుకోండి.

బోరుబావి
ఆ కాలవ ఉత్తుకోట దాకా ఎన్ని ఊళ్లు దాటి వస్తుందో, దారిలో ఏం కలుస్తుందో చూశారా రెడ్డి గారూ?

నెల్లూరు_రెడ్డి
మీరు మా కాలవని అనకండి. మీ కూవం నది సంగతి చూసుకోండి.

వేదిక_నిర్వాహకుడు
కాలవల పంచాయితీకి వేరే చర్చ ఉంది. ఇద్దరి తర్వాతి మూడు సందేశాలు తీసేశాను.

సందేహాల_సూర్యం
ఎలక్ట్రోడ్ గారూ, ఒక నిజమైన ప్రశ్న. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి వారం ఎవరో ఒకరు 0.1 పీపీబీ సీసం పట్టే సెన్సర్ కనిపెట్టామంటారు. షుగర్ స్ట్రిప్ లాంటి స్ట్రిప్పులే అంటారు. మా అమ్మ రోజూ ఉదయం వేలు పొడుచుకుని అయిదు సెకన్లలో షుగర్ చూసుకుంటుంది. మరి నీళ్లకి అలాంటిది కిరాణా కొట్లో ఎందుకు దొరకదు? ఐఐటీ మద్రాస్‌లోనే ప్రదీప్ గారు నానో కణాలతో ఫిల్టర్లు చేసి పద్మశ్రీ కూడా అందుకున్నారు కదా.

ఎలక్ట్రోడ్_పిల్ల
సూర్యం గారూ, మంచి చోట పట్టుకున్నారు. ప్రదీప్ గారి పేరుమోసిన పని ఆర్సెనిక్‌నీ పురుగుమందులనీ నీళ్లలోంచి తీసేయడం. పట్టుకుని తీసేయడం ఒకటి, ఎంత ఉందో కొలవడం ఇంకొకటి. జల్లెడకి లెక్క రానక్కర్లేదు.

షుగర్ పోలిక చూద్దాం. స్ట్రిప్ నిర్మాణం ఒకటే, కార్బన్ సిరా అచ్చు వేసిన ఎలక్ట్రోడ్. కానీ రక్తంలో గ్లూకోజు లీటరుకి ఒక గ్రాము దాకా ఉంటుంది. సీసం పరిమితి లీటరుకి 10 మైక్రోగ్రాములు, అంటే లక్ష రెట్లు తక్కువ. పైగా రక్తం అందరిలోనూ దాదాపు ఒకే రకం పదార్థం. నీళ్లు అలా కాదు. వేళచ్చేరి బోరు వేరు, తాంబరం బోరు వేరు, లారీ నీళ్లు ఏ రోజుకి ఆ రోజు వేరు.

ఆ తక్కువ మొత్తాన్ని పట్టడానికి ఒక ఉపాయం ఉంది. ఎలక్ట్రోడ్‌కి రుణ వోల్టేజి ఇచ్చి కొన్ని నిమిషాలు నీళ్లు కలియబెడితే సీసం, కాడ్మియం వచ్చి దాని మీద పేరుకుంటాయి. వెన్న చిలికి తీసినట్టు. తర్వాత వోల్టేజిని మెల్లగా పెంచుతూ పోతే ముందు కాడ్మియం, ఆ తర్వాత సీసం, దేని చోట అది ఊడి ఒక్కో శిఖరం గీస్తుంది. శిఖరం ఎక్కడుందో చూస్తే ఏ లోహమో తెలుస్తుంది, ఎత్తు చూస్తే ఎంతో తెలుస్తుంది. దీని మూలం 1922లో హెయ్‌రోవ్‌స్కీ మొదలుపెట్టిన పోలరోగ్రఫీ, దానికి 1959లో నోబెల్ ఇచ్చారు. అప్పట్లో పాదరసం చుక్క వాడేవారు, ఇప్పుడు విషం కాదని బిస్మత్ పొర వేస్తున్నాం. క్రోమియానికి ఈ దారి నేరుగా పనికిరాదు, దానికి వేరే తంతు ఉంది. చూశారా, రెండు లోహాలకే రెండు దారులు. ‘అన్నీ సార్’ అంటే నవ్వొచ్చింది అందుకే.

ఇక ఆ 0.1 పీపీబీ. చాలా వరకు అది శుద్ధి చేసిన ల్యాబ్ నీళ్లలో తీసిన అంకె. ఖాళీ నీళ్ల రీడింగ్ ఎంత ఊగుతుందో చూసి, దానికి మూడు రెట్లని ‘కనిపెట్టగల కనిష్ఠం’ అంటాం. ప్రశాంతంగా ఉన్న గదిలో గుసగుస వినబడుతుంది. అదే గుసగుస టి.నగర్ రంగనాథన్ వీధిలో, దీపావళి ముందు వినండి.

నా సొంత అవమానం ఒకటి చెప్తాను. రెండో ఏడులో బంగారు నానో కణాలతో ఒక పరీక్ష చేశాను. కణాలు విడివిడిగా ఉంటే ద్రావణం ఎర్రగా, కోకం షర్బత్ లాగా ఉంటుంది. లోహం వచ్చి వాటిని గుంపు కట్టిస్తే నీలంగా మారుతుంది. ల్యాబ్ నీళ్లలో అద్భుతం. గైడ్ గారికి చూపించడానికి మా హాస్టల్ బోరు నీళ్లు పోశాను. క్షణంలో నీలం! పాదరసం దొరికిందని గంతులేశాను. గైడ్ గారు ఏమీ మాట్లాడకుండా ల్యాబ్ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి పోశారు. అదీ నీలమే. ఉప్పుకీ, కాల్షియానికీ కూడా ఆ కణాలు గుంపు కడతాయి. ఆ సాయంత్రం మెస్‌లో ఉప్మా కూడా తినలేదు.

సందేహాల_సూర్యం
హహ. అర్థమైంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

నల్గొండ_పద్మ
మాది మర్రిగూడ దగ్గర పల్లె, ఇప్పుడు మాధవరంలో ఉంటున్నాం. మీరు లోహాలంటున్నరు గానీ మా దిక్కు అసలు శత్రువు ఫ్లోరైడ్. మా పెద్దమ్మ నడుము వంగిపోయింది, చూస్తూ పెరిగినం. దానికైతే ఎలక్ట్రోడ్ ఉంది, మా ఊరికొచ్చినోళ్లు బీకరులో ముంచి చూపిచ్చిండ్రు. పల్లెల్లో ఆడవాళ్లకి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పిస్తున్నరు గదా, మా వదిన కూడా చేస్తది. రంగు చూసి పట్టీతో పోల్చుడే. పట్నం అపార్ట్‌మెంటులో అంతమంది చదువుకున్నోళ్లుండి ఒక్కరికి చేయరాదా?

ఎలక్ట్రోడ్_పిల్ల
పద్మక్కా, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మా రంగంలో నిజంగా గెలిచిన గుర్రం. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం, అందులోంచి ఫ్లోరైడే కదులుతుంది. 1966 నుంచీ ఉంది. అది కూడా నీళ్లలో ఒక బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) కలిపాకే సరిగ్గా చూపిస్తుంది. అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని దాచేస్తుంది, బఫర్ దాన్ని విడిపిస్తుంది. మీ వదినగారి రంగు కిట్ దారే శేఖర్ గారికీ నేను చెప్పబోతున్నది.

తోళ్ల_మాస్టారు
ఆరు వేలన్సీ క్రోమియానికి రంగు పరీక్ష మా రోజుల నుంచే ఉంది తల్లీ. డైఫినైల్ కార్బజైడ్. ఆమ్లంలో కలిపితే గులాబీ ఊదా రంగు వస్తుంది, 540 నానోమీటర్ల దగ్గర చదువుతారు. కిట్లు దొరుకుతాయి. మూడు వేలన్సీకి రంగు రాదు, అదే దాని అందం. ఇనుము ఎక్కువ ఉంటే మాత్రం పసుపు తేలి కన్ను మోసపోతుంది. శేఖర్ బాబూ, కిట్‌లోని ఆమ్లం జాగ్రత్త, పాపకి దూరంగా.

కోడ్_కూలీ
ఆ రంగుని ఫోన్ కెమెరాతో చదవచ్చు. థర్మోకోల్ డబ్బాలో ఒక తెల్ల ఎల్‌ఈడీ పెట్టి, మూత వేసి, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేసి ఫోటో తీయాలి. కిటికీ వెలుతురులో తీస్తే మబ్బు పట్టినప్పుడల్లా క్రోమియం పెరుగుతుంది. ఎలా తెలుసని అడగకండి.

ఎలక్ట్రోడ్_పిల్ల
శేఖర్ గారూ, కిట్ ఒక వడపోత మాత్రమే. గులాబీ వచ్చినా రాకపోయినా ఒక్కసారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపండి. బోరు మోటారు పది నిమిషాలు ఆడించి పట్టండి, పైపులో నిలవున్న నీళ్లు కాదు. లోహాల సీసాలో ల్యాబ్ వాళ్లే నైట్రిక్ ఆమ్లం వేసిస్తారు, కడగకండి. ఆరు వేలన్సీకి మాత్రం ఆమ్లం లేని వేరే సీసా, ఐస్‌లో పెట్టి 24 గంటల్లో చేరాలి. ఆమ్లంలో ఉంచితే ఆరు కాస్తా మూడైపోతుంది, మీరు భయపడ్డది దారిలోనే మాయమవుతుంది. ఎలాగూ డబ్బు కడుతున్నారు కాబట్టి నైట్రేట్, కోలిఫాం (మురుగు కలిసిందేమో చెప్పే సూక్ష్మజీవులు) కూడా చూడమనండి.

ఇక ఆ 38 వేల ప్రోబ్‌కి నా హాస్టల్ పరీక్ష పెట్టండి. మూడు సీసాలు: ఆర్వో నీళ్లు, సంప్ నీళ్లు, సంప్ నీళ్లలోనే లీటరుకి పావు చెంచా వంటింటి ఉప్పు. మీద ఒకటి, రెండు, మూడు అని రాయండి, ఏది ఏదో చెప్పకండి.

క్రోంపేట_శేఖర్
నిన్న ఆదివారం. మేడ మీద పద్నాలుగు మందిమి, మా ఆవిడ మురుకులు, కాఫీ కూడా ఏర్పాటు చేసింది. కంపెనీ అబ్బాయి ప్రోబ్ ముంచాడు. ఆర్వో నీళ్లు: పచ్చ గుర్తు, ‘సురక్షితం’. సంప్ నీళ్లు: పసుపు, ‘లోహాలు ఓ మోస్తరు’. ఉప్పు నీళ్లు: ఎర్ర గుర్తు, ‘భార లోహాలు ప్రమాదకరం’, ఫోన్ కుయ్‌కుయ్‌మంది.

మా సెక్రటరీ గారు సీసా ఎత్తి ఒక గుక్క తాగి, “రసంలోకి ఉప్పు సరిపోయింది” అన్నారు. అబ్బాయి మొహం చూసి జాలేసింది. నిజంగా అతనికే తెలియదు, అతనికి నేర్పినవాళ్లు అలా నేర్పారు. కాఫీ ఇచ్చి పంపాం.

బోరుబావి
అంటే 38 వేల టీడీఎస్ పెన్ను అన్నమాట. నేను మొదటే చెప్పా, ఆర్వో.

సందేహాల_సూర్యం
ఉప్పు పరీక్షని ఈ వేదికలో పైన పిన్ చేయండి దయచేసి.

క్రోంపేట_శేఖర్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. కిట్‌లో బోరు నీళ్లకి లేత గులాబీ వచ్చిందో లేదో మేమే తేల్చుకోలేకపోయాం, నలుగురు నాలుగు మాటలు. ల్యాబ్ రిపోర్టు ఈ రోజు వచ్చింది. అంకెలన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో: మొత్తం క్రోమియం బోరులో 0.018, సంప్‌లో 0.011. ఆరు వేలన్సీ వాళ్ల యంత్రానికి అందనంత తక్కువ. సీసం, ఆర్సెనిక్ పరిమితి లోపలే. ఇనుము కాస్త ఎక్కువ, అదే మాస్టారు చెప్పిన పసుపు.

కానీ నైట్రేట్ 71. పరిమితి 45. కోలిఫాం ఉంది. అసలు మేం దీని గురించి ఆలోచించనే లేదు.

తోళ్ల_మాస్టారు
బాబూ, మీ బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ దూరమెంత?

క్రోంపేట_శేఖర్
మా ట్యాంకుకి దూరమే. ప్రహరీకి అవతల పక్కవాళ్లది ఉంది, బోరుకి పన్నెండు అడుగులు. ఇవాళే టేపు పెట్టి కొలిచాం.

ఎలక్ట్రోడ్_పిల్ల
పాపకి పాలపొడి, జావ ఆ నీళ్లతో కలపకండి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ నైట్రేట్ పోదు, ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో చాలా వరకు తీస్తుంది, ఇక్కడ బోరుబావి గారికి మార్కులు వేయాల్సిందే. నెలకోసారి నైట్రేట్ రంగు పట్టీతో చూసుకోండి, వానల తర్వాత తప్పకుండా. నైట్రేట్ ఎలక్ట్రోడ్ కొనకండి, మన బోర్లలో క్లోరైడ్ ఎక్కువ, అది నైట్రేట్‌లా నటించి అంకె పెంచుతుంది.

కోడ్_కూలీ
అన్నా, పట్టీ ఫోటోలకి నా థర్మోకోల్ డబ్బా పంపిస్తా. కొరియర్ ఖర్చు మాత్రం మీదే.

నల్గొండ_పద్మ
పక్కింటోళ్లతోని కొట్లాట పెట్టుకోకుండ్రి. రిపోర్టు చూపెట్టుండ్రి, వాళ్ల బోరు కూడా అదే నీళ్లు తాగుతది గదా.

క్రోంపేట_శేఖర్
చూపించాను అక్కా. వాళ్ల బోరు మా ప్రహరీ పక్కనే, ఆ ట్యాంకుకి పది అడుగులు కూడా లేదు. రిపోర్టు రెండుసార్లు చదివి, ఆ ల్యాబ్ అడ్రస్ అడిగారు.